కౌమారంలో ఆలోచన, ఉద్వేగాలు: మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతం ఆధారంగా

కౌమారం అంటే బాల్యానికీ పెద్దరికానికీ మధ్య శరీరం, మనసు, సామాజిక హోదా మూడూ కలిసి మారే దశ. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో ఇది 10 నుంచి 19 ఏళ్ల వరకు. దీన్ని 24 ఏళ్ల దాకా పొడిగించాలని 2018లో కొందరు వైద్య పరిశోధకులు లాన్సెట్ సంస్థ పత్రికలో ప్రతిపాదించారు. మొదలు గురించి పెద్దగా వివాదం లేదు. యవ్వనారంభం కంటికి కనిపించే మార్పు. ముగింపే తేలనిది. చదువు ఎప్పుడు ఆగుతుంది, సంపాదన ఎప్పుడు మొదలవుతుంది, పెళ్లి ఎప్పుడవుతుంది అన్నదాన్నిబట్టి అది ఇంటికో రకంగా ఉంటుంది. ఈ వయసులో ఆలోచనాశక్తి ఒక వేగంతో, ఉద్వేగాలను అదుపు చేసుకునే శక్తి మరో వేగంతో ఎదుగుతాయి. ఈ రెండింటి మధ్య ఏర్పడే ఎడం హాని చేస్తుందా, మేలు చేస్తుందా అన్నది చాలావరకు పరిసరాల చేతిలో ఉంటుంది. హైదరాబాద్‌కు ఉత్తరాన ఉన్న మేడ్చల్, శామీర్‌పేట మండలాలు ఈ విషయాన్ని పరిశీలించడానికి తగిన చోటు. పల్లె, ఫ్యాక్టరీ, హాస్టల్ కాలేజీ, గేటెడ్ కాలనీ పక్కపక్కనే కనిపించే ఈ ప్రాంతంలో ఒకే వయసు పిల్లలు వేర్వేరు కౌమారాలు గడుపుతున్నారు.

భావన చరిత్ర

కౌమారాన్ని ప్రత్యేక శాస్త్ర విషయంగా నిలబెట్టినవాడు అమెరికన్ మనస్తత్వవేత్త జి. స్టాన్లీ హాల్. 1904లో రెండు సంపుటాలుగా వెలువడిన ‘అడాలసెన్స్’ గ్రంథంలో ఆయన ఈ దశను తుఫానుతో, సంఘర్షణతో కూడినదిగా వర్ణించాడు. 1928లో మార్గరెట్ మీడ్ సమోవా దీవుల్లోని ఆడపిల్లల జీవితాన్ని చూపి, ఈ తుఫాను అన్ని సమాజాల్లోనూ రాదని వాదించింది. 1983లో డెరెక్ ఫ్రీమన్ ఆమె పరిశీలనలనే తప్పుపట్టాడు. ఆ తగవు పూర్తిగా తీరకపోయినా, అంతా శరీరమే నిర్ణయిస్తుందనే మాటను గానీ, అంతా సంస్కృతే నిర్ణయిస్తుందనే మాటను గానీ నేడు పరిశోధకులు దాదాపుగా ఎవరూ యథాతథంగా అంగీకరించరు. ఎరిక్ ఎరిక్సన్ 1950, 1968ల్లో ప్రచురించిన గ్రంథాల్లో ఈ వయసుకు ‘నేనెవరు’ అన్న ప్రశ్న కీలకమని చెప్పాడు.

భారతదేశం నుంచి వచ్చిన ముఖ్యమైన అభ్యంతరం టి.ఎస్. సరస్వతిది. మన సమాజంలో, ముఖ్యంగా పేద కుటుంబాల్లో, బాల్యం నుంచి పెద్దరికంలోకి సాగే దారిలో పెద్ద తెంపు ఉండదనీ, కౌమారం ఇక్కడ ఒక మిథ్యా లేక ఇప్పుడిప్పుడే రూపుదిద్దుకుంటున్న వాస్తవమా అనీ ఆమె 1999లో ప్రశ్నించారు. పదిహేనేళ్లకే పొలం పనిలోనో కాపురంలోనో కుదురుకున్న తరాలకు ‘టీనేజ్’ అనే విడి దశ తెలియదన్న మాటలో నిజం ఉంది. అయితే ఆ తరాల పిల్లలకు శరీరంలో, మెదడులో మార్పు రాలేదని దీనికి అర్థం కాదు. వచ్చిన మార్పును ఇముడ్చుకునే పనీ, పెద్దల పక్కన చోటూ అప్పటికే సిద్ధంగా ఉండేవి. బడి పెరిగి, పని వెనక్కి జరిగి, పెళ్లి వయసు పైకి వెళ్లిన కొద్దీ ఆ చోటు పోయింది. దాని బదులు రావలసింది ఇంకా పూర్తిగా రాలేదు.

ఆలోచనలో మార్పు

కళ్లముందు లేనిదాన్ని గురించి తర్కించగలగడం ఈ దశలో కనిపించే ప్రధాన మార్పు. బార్బెల్ ఇన్‌హెల్డర్, జాన్ పియాజే 1955లో ఫ్రెంచిలో, 1958లో ఇంగ్లిషులో వచ్చిన తమ గ్రంథంలో దీన్ని రూపాత్మక చింతనగా వివరించారు. ‘ఇలా కాకుండా ఉంటే ఏమయ్యేది’ అని అడగగలగడం, ఒక అంశాన్ని మాత్రమే మార్చి మిగతావాటిని స్థిరంగా ఉంచి పరీక్షించడం, తన ఆలోచన గురించి తానే ఆలోచించడం ఇందులోకి వస్తాయి. ఎనిమిదో తరగతి పిల్లవాడికి బీజగణితంలో ఎక్స్ ఒక తెలియని సంఖ్యగా అర్థం కావడమూ, ‘కులం ఎందుకుంది’ అని ఇంట్లో ప్రశ్నించడమూ ఒకే శక్తి చేయించే పనులు. పెద్దలు మొదటిదాన్ని మెచ్చుకుంటారు, రెండోదాన్ని ఎదురుమాటగా తీసుకుంటారు. ఇదే శక్తి లోపలికి తిరిగినప్పుడు అందరూ తననే గమనిస్తున్నారన్న భావన బలపడుతుంది. 1967లో డేవిడ్ ఎల్కిండ్ దీన్ని ఊహాత్మక ప్రేక్షకసమూహం అన్నాడు. తన బాధ ఇంకెవరికీ రాలేదన్న నమ్మకాన్ని వ్యక్తిగత గాథ అన్నాడు.

ఈ శక్తి అందరిలో, అన్ని విషయాల్లో ఒకేలా కనిపించదు. పియాజే స్వయంగా 1972లో తన సూత్రాన్ని సడలించి, ఎవరికి ఏ రంగంలో అనుభవం ఉందో ఆ రంగంలోనే రూపాత్మక చింతన ముందుగా బయటపడుతుందని ఒప్పుకున్నాడు. దీనికి బలమైన భారతీయ సాక్ష్యం 2025లో నేచర్ పత్రికలో వచ్చింది. కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో అమ్మకాలు చేసే పిల్లలు బేరంలో చిక్కు లెక్కలను నోటితో సరిగ్గా చేశారు. అవే లెక్కలు బడి పద్ధతిలో కాగితం మీద ఇస్తే తడబడ్డారు. అమ్మకం అనుభవం లేని బడిపిల్లలు పాఠం లెక్కల్లో ముందుండి, బజారు లెక్కల్లో వెనకబడ్డారు. మేడ్చల్ సంతలో కూరగాయల తక్కెడ దగ్గర కూర్చునే పిల్లవాడి తెలివిని యూనిట్ టెస్ట్ మార్కులతోనే కొలిస్తే అది సగం కొలతే అవుతుందని ఈ ఫలితం చెబుతోంది.

ఉద్వేగాలు, మెదడు (చూ. నాడీవ్యవస్థ, నిద్ర)

మెదడు పరిమాణం బాల్యం చివరికే దాదాపు పెద్దవారి స్థాయికి చేరుతుంది. కౌమారంలో జరిగేది లోపలి అమరిక. వాడని నాడీసంధులు తొలగిపోతాయి, వాడేవి గట్టిపడతాయి. నాడీతంతువుల చుట్టూ మైలిన్ పొర పేరుకుని సంకేతాల వేగం పెరుగుతుంది. పీటర్ హట్టెన్‌లోకర్ 1979లో మరణానంతర మెదడు నమూనాల్లో నాడీసంధుల సంఖ్య వయసుతో తగ్గడాన్ని లెక్కించాడు. 1999లో జే గీడ్ బృందం ఒకే పిల్లలను ఏళ్ల తరబడి ఎమ్మారై స్కాన్లతో వెంబడించి మెదడులో మార్పు కౌమారం పొడవునా సాగుతుందని చూపింది. నుదుటి వెనుక ఉండే ప్రీఫ్రంటల్ కార్టెక్స్ అన్నిటికంటే ఆలస్యంగా కుదురుకునే భాగాల్లో ఒకటి. ప్రణాళిక వేసుకోవడం, తొందరను ఆపుకోవడం, పర్యవసానం తూచడం దాని మీద ఆధారపడతాయి. మెప్పుకూ బహుమతికీ స్పందించే డోపమైన్ మార్గాలు, భయానికీ కోపానికీ స్పందించే అమిగ్డాలా మాత్రం యవ్వనారంభ హార్మోన్లతోపాటే చురుకవుతాయి. 2008లో లారెన్స్ స్టైన్‌బర్గ్, బి.జె. కేసీ వేర్వేరుగా ఈ అసమాన ఎదుగుదలను ద్వంద్వ వ్యవస్థ నమూనాగా రూపొందించారు.

నిదానంగా, ఒంటరిగా, తొందర లేకుండా చేసే ఆలోచనకూ, ఉద్రేకంలోనో స్నేహితుల ముందో చేసే ఆలోచనకూ తేడా ఉందని ఈ నమూనా చెబుతుంది. 2019లో గ్రేస్ ఐసినోగల్, స్టైన్‌బర్గ్ తదితరులు 11 దేశాల్లో 10 నుంచి 30 ఏళ్ల మధ్య వయసున్న 5,000 మందికి పైగా వ్యక్తుల ఫలితాలు ప్రచురించారు. ఆ దేశాల్లో భారతదేశం కూడా ఉంది. నిదానపు తర్కం సుమారు 16 ఏళ్లకు పెద్దల స్థాయికి చేరింది. తొందరను ఆపుకోవడం, ముందుచూపు, ఒత్తిడికి లొంగకపోవడం వంటివి 18 దాటాక కూడా ఎదుగుతూనే ఉన్నాయి. ఇంటర్ మొదటి సంవత్సరం విద్యార్థికి తెలివి ఉందా అని అడిగితే ఉంది. ఆ తెలివి ఫలితాల రోజు మధ్యాహ్నం, ఫోనులో మెమో తెరుచుకున్న క్షణంలో కూడా చేతికందుతుందా అని అడిగితే జవాబు వేరు.

ఈ నమూనా మీద వచ్చిన విమర్శలు తేలిగ్గా తీసుకోదగినవి కావు. జెన్నిఫర్ ఫైఫర్, నికొలస్ అలెన్ 2012లో దీన్ని అతి సరళీకరణ అన్నారు. అదే ఏడాది ఎవలీన్ క్రోన్, రొనాల్డ్ డాల్ మరో దృష్టి ప్రతిపాదించారు: మెప్పు పట్ల, తోటివారి పట్ల ఈ వయసులో ఉండే తీవ్రమైన ఆసక్తి లోపం కాదు, కొత్త సామాజిక ప్రపంచాన్ని నేర్చుకోవడానికి అవసరమైన మలుచుకునే గుణం. స్కాన్లలో చూసిన పిల్లల్లో అధికశాతం అమెరికా, యూరప్ వారేనన్నది మరో పరిమితి. స్కాన్ సగటు చూపుతుంది. అందులోంచి ఒక పిల్లవాడి నడవడిని చదవలేం. ఈ విమర్శలన్నీ నిలిచాక కూడా, పరిస్థితిని బట్టి ఒకే పిల్లవాడి నిర్ణయం మారుతుందన్న పరిశీలన చెక్కుచెదరలేదు. మార్గో గార్డ్‌నర్, స్టైన్‌బర్గ్ 2005లో చేసిన డ్రైవింగ్ ఆట ప్రయోగంలో ఒంటరిగా ఆడినప్పటి కన్నా స్నేహితుల ముందు ఆడినప్పుడు కౌమారవయస్కులు బాగా ఎక్కువ ప్రమాదాలకు తెగించారు. పెద్దల్లో ఆ తేడా లేదు.

రోజువారీ ఉద్వేగాల మీద మన దేశంలో జరిగిన పనిలో సుమన్ వర్మ, రీడ్ లార్సన్‌ల చండీగఢ్ అధ్యయనం ప్రముఖమైనది. మధ్యతరగతి ఎనిమిదో తరగతి పిల్లలు రోజులో అలారం మోగినప్పుడల్లా తాము ఏం చేస్తున్నారో, ఎలా అనిపిస్తోందో రాశారు. పిల్లలు మేల్కొన్న సమయంలో మూడో వంతు చదువుకే పోయింది. క్లాసులో, హోంవర్కులో ఉన్నప్పుడు వారి మనసు కుంగి ఉంది, తమ ఇష్టంతో చేస్తున్నామన్న భావన తక్కువగా ఉంది. కుటుంబంతో గడిపే సమయం మాత్రం ఎక్కువగా హాయిగానే గడిచింది. ఇంట్లో అమ్మానాన్నలతో పోట్లాటే కౌమార లక్షణమన్న పాశ్చాత్య చిత్రం ఇక్కడికి సరిగ్గా అతకదు. ఇక్కడ ఒత్తిడికి మూలం ఎక్కువగా పుస్తకాల సంచిలో ఉంది.

నిద్ర కూడా మారుతుంది. యవ్వనారంభంతో మెలటోనిన్ విడుదల వెనక్కి జరిగి, రాత్రి నిద్ర ఆలస్యంగా వస్తుంది. 13 నుంచి 18 ఏళ్ల వారికి 8 నుంచి 10 గంటల నిద్ర అవసరమని నిద్ర వైద్యుల సిఫార్సు. రాత్రి పది దాటేదాకా స్టడీ అవర్స్, తెల్లవారుజామున అయిదింటికి నిద్రలేపు ఉన్న హాస్టల్‌లో ఆ లెక్క కుదరదు. నిద్ర చాలని మెదడులో ఉద్వేగాల మీది అదుపు కూడా బలహీనపడుతుంది.

మేడ్చల్, శామీర్‌పేట పరిసరాలు

2016 అక్టోబర్ 11న రంగారెడ్డి జిల్లా నుంచి విడిపోయి మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా ఏర్పడింది. 2011 జనగణన ప్రకారం ఈ జిల్లా పరిధిలోని జనాభా 24 లక్షలు దాటింది; అందులో పదింట తొమ్మిది మంది పట్టణవాసులు. మేడ్చల్ మీదుగా నాగ్‌పూర్ జాతీయ రహదారి, శామీర్‌పేట మీదుగా కరీంనగర్ వెళ్లే రాజీవ్ రహదారి పోతాయి. 1998లో స్థాపించిన నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం, 1999 నుంచి పెరిగిన జీనోమ్ వ్యాలీ, 2008లో మొదలైన బిట్స్ పిలానీ హైదరాబాద్ క్యాంపస్ శామీర్‌పేట చుట్టుపక్కలే ఉన్నాయి. ఊరి చెరువు, పొలం గట్టు, టీకాల ఫ్యాక్టరీ ఒకదానికొకటి కూతవేటు దూరంలో ఉంటాయి. తండ్రి సాగుచేసిన భూమి ప్లాట్లుగా మారిన ఇంట్లో పిల్లవాడికి ‘నువ్వేమవుతావు’ అన్న ప్రశ్నకు నాన్న జీవితం నమూనాగా పనికిరాదు. ఎరిక్సన్ చెప్పిన అస్తిత్వ ప్రశ్నకు జవాబు వెతుక్కునే పని ఇక్కడి పిల్లలకు అందుకే బరువెక్కింది. అవకాశాలు పెరిగిన మాట నిజమే. ఎంచుకోవలసిన భారం కూడా వాటితోపాటే పెరిగింది.

ఈ ప్రాంతం కౌమార పరిశోధనకు ప్రత్యేకంగా ఉపయోగపడే కారణం మరొకటి ఉంది. మేడ్చల్ మండలం ఘన్‌పూర్‌లోని మెడిసిటీ ఆసుపత్రి ప్రాంగణం నుంచి పనిచేసే షేర్ ఇండియా సంస్థ 1994లో ‘రీచ్’ పేరుతో చుట్టుపక్కల పల్లెల్లో ఆరోగ్య కార్యక్రమం మొదలుపెట్టింది. దాని పునాది మీద 2009లో, పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయం సహకారంతో, ‘లైఫ్’ అనే దీర్ఘకాలిక అధ్యయనం ప్రారంభమైంది. 15 నుంచి 35 ఏళ్ల మధ్య వయసున్న 1,200 మందికి పైగా వివాహిత మహిళలను గర్భధారణకు ముందో, తొలి నెలల్లోనో చేర్చుకుని, వారికి పుట్టిన పిల్లలను వెంబడించారు. ఆ పిల్లల్లో మొదటివారు ఇప్పుడు కౌమారంలో ఉన్నారు. చేర్చుకునే వయసు 15 నుంచి మొదలవడమే ఒక విషయం చెబుతుంది: ఇక్కడి కొందరు అమ్మాయిలకు కౌమారం, కాపురం, కడుపు ఒకేసారి వచ్చాయి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 20–24 ఏళ్ల మహిళల్లో 23.5 శాతం మందికి 18 నిండకముందే పెళ్లయినట్టు తేలింది.

అమ్మాయి రజస్వల అయినప్పుడు చేసే వేడుక, చీరకట్టు ఫంక్షన్, అబ్బాయికి పంచెకట్టు ఫంక్షన్ ఈ ప్రాంతంలో ఆర్భాటంగా జరుగుతాయి. వీధి మొదట్లో ఫ్లెక్సీ కడతారు. పదకొండేళ్ల పిల్ల పట్టుచీర, వడ్డాణంతో దాని మీద నిలువెత్తున నవ్వుతుంది, కింద మేనమామల ఫొటోలు వరసగా ఉంటాయి. బంధువుల ప్రేమ, పిల్ల పట్ల గర్వం ఇందులో ఉన్నాయి. అదే సమయంలో, ఎల్కిండ్ చెప్పిన ఊహాత్మక ప్రేక్షకులు ఆ పిల్లకు నిజమైన ప్రేక్షకులుగా ఎదురవుతారు. శరీరం ముందుగా ఎదిగిన అమ్మాయిల్లో కుంగుబాటు ఎక్కువగా కనిపిస్తుందని పలు దేశాల అధ్యయనాలు చెబుతున్నాయి. ఆ పిల్లను మర్నాటి నుంచే పెద్దమనిషిగా లెక్కగట్టి ఆటలకు, సైకిలుకు దూరం చేయడం ఆ భారాన్ని పెంచుతుంది. వేడుక చేసినందువల్ల కాక, దాని తర్వాత వచ్చే కట్టుబాట్ల వల్లే ఎక్కువ నష్టం.

చదువు, పరీక్షలు (చూ. ఇంటర్మీడియట్ విద్య)

పదో తరగతి తర్వాత ఎంపీసీయా, బైపీసీయా, సీఈసీయా అని పదిహేనో పదహారో ఏట తేల్చుకోవాలి. ఇంటర్ రెండేళ్లు ఈఏపీసెట్, జేఈఈ, నీట్ ప్రవేశ పరీక్షల చుట్టూ తిరుగుతాయి. నగర శివార్లలోని రెసిడెన్షియల్ కాలేజీల్లో వారాంతపు పరీక్ష ర్యాంకును బట్టి సెక్షన్ మార్చే పద్ధతి విస్తృతంగా ఉంది. సోమవారం నోటీసు బోర్డు మీద జాబితా పడుతుంది. పేరు కింది సెక్షన్‌లోకి జారిన విద్యార్థి అదే రోజు బెంచీ, స్నేహితులు, ఒక్కోసారి హాస్టల్ గది కూడా మారాలి. తోటివారి నుంచి వేరుపడటం పట్ల అతి సున్నితంగా ఉండే వయసులో, తోటివారి ముందే, ప్రతివారం ఆ వేరుపాటు చేయడం ఈ పద్ధతి సారాంశం. పోటీ పిల్లలను రాటుదేలుస్తుందన్నది దీనికి సమర్థన. ఆ వాదనలో కొంత నిజం ఉంది: చేతనైనంత ఒత్తిడి, కోలుకునే వ్యవధి, తోడుగా ఒక పెద్ద మనిషి ఉన్నప్పుడు పిల్లలు గట్టిపడతారు. వారానికొకసారి వచ్చే బహిరంగ దిగజారుడులో ఈ మూడూ ఉండవు.

2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో తప్పులు దొర్లాయి. ఆ రోజుల్లో ఇరవై మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. ప్రభుత్వం త్రిసభ్య కమిటీ వేసి, తప్పినవారి జవాబుపత్రాలను ఉచితంగా పునఃపరిశీలించింది. ఇటువంటి మరణాలకు ఏ ఒక్క కారణమూ చెప్పడం సరికాదు. అయినా ఒక కాగితం మీది అంకె జీవితాన్నంతా కొలుస్తుందని ఏళ్ల తరబడి నేర్పినచోట, ఆ అంకె తప్పుగా పడిన గంటలో ‘ఇది మారుతుంది’ అని తట్టే నిదానాన్ని పదహారేళ్ల మనసు నుంచి ఆశించడం అన్యాయం. 2025 జులై 25న, విశాఖపట్నంలో నీట్ కోచింగ్ విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థలో కనీసం ఒక అర్హత గల కౌన్సెలర్ ఉండాలని, మార్కులను బట్టి బ్యాచ్‌లుగా విడదీయడం, అందరి ముందు అవమానించడం మానుకోవాలని చెప్పింది. కౌన్సెలర్‌ను నియమించడం కన్నా సెక్షన్ల పద్ధతిని ఆపడమే ఎక్కువ మేలు చేస్తుంది. మొదటిది గాయపడ్డ తర్వాత అందే సాయం. రెండోది గాయం చేసే పద్ధతినే ఆపుతుంది.

చట్టం (చూ. బాలల న్యాయం)

2016 జనవరి 15న అమల్లోకి వచ్చిన బాల న్యాయ చట్టం, 16 నుంచి 18 ఏళ్ల మధ్యవారు ఘోర నేరానికి పాల్పడ్డారన్న ఆరోపణ ఉన్నప్పుడు, ఆ నేరం చేయగల మానసిక, శారీరక సామర్థ్యం, పర్యవసానాలు అర్థం చేసుకునే శక్తి, నేరం జరిగిన పరిస్థితులను బోర్డు ప్రాథమికంగా మదింపు చేయాలని చెబుతుంది. బాలల మనస్తత్వ శాస్త్రం తెలిసిన సభ్యులు లేని బోర్డు నిపుణుల సాయం తీసుకోవడం తప్పనిసరని 2022 జులైలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అయినా ఒక చిక్కు మిగిలి ఉంది. మదింపు ప్రశాంతమైన గదిలో జరుగుతుంది. అక్కడ కొలవగలిగేది నిదానపు తర్కాన్నే. నేరం తరచు గుంపులో, ఉద్రేకంలో జరుగుతుంది. పదహారేళ్లవాడు ఆ గదిలో పెద్దవాడిలా జవాబిచ్చినంత మాత్రాన ఆ రాత్రి కూడా పెద్దవాడిలా ఆలోచించగలిగాడని తేలదు. బాధితులకు న్యాయం ముఖ్యం కాదా అన్న ప్రశ్న సహజం. ముఖ్యమే. దానికి జవాబు విచారణను కచ్చితంగా జరపడంలో ఉంటుంది గానీ వయసును తప్పుగా కొలవడంలో ఉండదు.

ఇదే శాస్త్రాన్ని పిల్లల మాటకు విలువ లేదనడానికి వాడటం రెండో తప్పు. మెదడు ఎదగలేదు కాబట్టి కోర్సు, కాలేజీ, పెళ్లి అన్నీ పెద్దలే నిర్ణయించాలన్న వాదనకు పైన చెప్పిన 11 దేశాల ఫలితాల్లో ఆధారం లేదు. వ్యవధి ఇచ్చి, సమాచారం ఇచ్చి, సలహాకు మనిషిని ఇస్తే పదహారేళ్లవారు పెద్దలతో సమానంగా తూచగలరని అవే ఫలితాలు చెబుతున్నాయి.

ఆరోగ్య సేవలు

నిమ్హాన్స్ 2015–16లో జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 13–17 ఏళ్ల వారిలో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉన్నట్టు అంచనా వేసింది. ఈ రేటు మహానగరాల్లో 13.5 శాతం, గ్రామాల్లో 6.9 శాతం. నగరం తమ ఊళ్లలోకి నడిచివస్తున్న మేడ్చల్, శామీర్‌పేటలకు ఈ రెండు అంకెల మధ్య దూరం చిన్న విషయం కాదు. తెలంగాణలో 15–19 ఏళ్ల అమ్మాయిల్లో దాదాపు మూడింట రెండు వంతుల మందికి రక్తహీనత ఉన్నట్టు కుటుంబ ఆరోగ్య సర్వేలో తేలింది. ఇనుము తక్కువైతే ఏకాగ్రత, ఉత్సాహం తగ్గుతాయి. బడిలో వారానికొకటి ఇచ్చే నీలిరంగు మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. ఖాళీ కడుపున వేసుకుంటే వికారం వస్తుందని చాలామంది పిల్లలు దాన్ని పారేస్తారు; మధ్యాహ్న భోజనం తర్వాత టీచర్ ఎదుటే మింగించిన చోట ఆ ఇబ్బంది తగ్గుతుంది.

2014 జనవరి 7న ప్రారంభమైన రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం 10–19 ఏళ్ల వారి కోసం ప్రత్యేక క్లినిక్‌లను, ‘సాథియా’ పేరుతో తోటి వయసు ప్రబోధకులను ప్రవేశపెట్టింది. 2022 అక్టోబర్ 10 నుంచి టెలీ మానస్ సేవ 14416 నంబరులో ఉచితంగా అందుతోంది, తెలుగులోనూ మాట్లాడవచ్చు. వీటిలో సాథియా ఆలోచన ఈ వయసు స్వభావానికి బాగా దగ్గరగా ఉంది. ప్రమాదానికి తెగింపజేసే తోటివారి ప్రభావమే సాయం అడగడానికీ తెగింపునిస్తుంది. దాని రూపకల్పన ఊరు, ఆశా కార్యకర్త చుట్టూ జరిగింది. శివారు పిల్లల్లో మాత్రం పెద్ద భాగం ఇంటర్ రెండేళ్లూ తమ ఊళ్లో ఉండరు. వారు గోడ లోపలి హాస్టల్‌లో, ఫోను లేకుండా, వార్డెన్ అనుమతి మీద బతుకుతారు. క్లినిక్ తెరిచి ఉండే పగటివేళల్లో క్లాసులో ఉంటారు. కాబట్టి సాథియాలను ఊరి లెక్కన కాకుండా హాస్టల్ బ్లాకు లెక్కన ఎంపిక చేయడం, 14416కు ఫోను చేసుకునే వీలు స్టడీ హాలు పక్కనే కల్పించడం, ఆ కాల్‌కు వార్డెన్ అనుమతి అవసరం లేకుండా చేయడం ఇక్కడి కాలేజీలు సొంతంగానే మొదలుపెట్టగల పనులు.